గోడలో ఒక సందు: సుడిగాలికి దారి ఇచ్చిన చరిత్ర

చరిత్ర వ్యాసం రాయండి అని సార్ చెప్పగానే మా తరగతిలో అందరూ రాజుల మీద పడినారు. ముగ్గురు శ్రీకృష్ణదేవరాయలను పంచుకున్నారు. ఇద్దరికి టిప్పు సుల్తాను దొరికినాడు. ఒకరు మా హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుని గుడి తీసుకున్నారు. నేను తీసుకున్నది ఒక సందు. లారీ ఇంజనుకు గాలిని ఒత్తి పంపే టర్బో అనే యంత్రం ఉంది కదా, దాని నోట్లో చక్రం చుట్టూ గోడను గుండ్రంగా కోసి వదిలిన సందు అది. వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే.

"ఇది సైన్సు కదా, చరిత్ర ఎట్లవుతుంది?" అని పక్క బెంచీవాళ్ళు అడిగినారు. గాలిచక్రం చుట్టూ గోడ కట్టడం మనుషులు నేర్చుకొని నాలుగు వందల ఏండ్లు దాటింది. అన్నేండ్లూ ఆ గోడలో సందు లేకుండా చూడడమే పనితనం అనుకున్నారు. కావాలనే సందు పెట్టడం మొన్న మొన్న మొదలైంది, అది కూడా వేరే పని చేయబోతే బయటపడింది. ఇది చరిత్ర కాకపోతే ఇంకేమిటి?

మొదట గోడ సంగతి చెబుతాను. జర్మనీ గనుల గురించి అగ్రికోలా అనే వైద్యుడు రాసిన పెద్ద పుస్తకం 1556లో అచ్చయింది. అప్పటికి ఆయన చనిపోయి ఏడాది దాటలేదు. అందులో గని లోపలికి గాలి పంపే చెక్క యంత్రాల బొమ్మలు ఉన్నాయి. ఒక ఇరుసు, దానికి చెక్క రెక్కలు, చుట్టూ పీపా లాంటి పెట్టె. పెట్టెకు గాలి వచ్చేదానికి ఒక రంధ్రం, పోయేదానికి ఒక గొట్టం. మనుషులు తిప్పేవి కొన్ని, నీటిచక్రంతో తిరిగేవి కొన్ని. (ఆ పుస్తకాన్ని లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి 1912లో తెచ్చినది హూవర్ దంపతులు. ఆ హూవరే తర్వాత అమెరికా అధ్యక్షుడు అయినాడు. గనుల ఇంజనీరు అధ్యక్షుడైతే ఇట్లాంటి మంచి పని కూడా మిగులుతుంది.)

పెట్టె లేకుండా రెక్కలు తిప్పితే అది విసనకర్ర. గాలి నాలుగు వైపులా చెదిరిపోతుంది. పెట్టె ఉంటే చెదిరే గాలి ఒక దారిన పడుతుంది. కొలిమిలో చేత్తో తిప్పే గాలిమిషను చూసినవాళ్ళకు ఇది తెలుసు. దాని ఇనుప పెట్టె నత్తగుల్ల మాదిరి ఉంటుంది, మూతి దగ్గరికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. చక్రం విసిరిన గాలి గిరగిరా తిరుగుతూ వస్తుంది. ఆ గుల్ల దాన్ని కూడబెట్టి, వేగం తగ్గించి, వేగాన్ని ఒత్తిడిగా మారుస్తుంది. ఈరోజు లారీలో ఉండే టర్బోకు కూడా అదే నత్తగుల్ల. ఇనుము పోయి అల్యూమినియం వచ్చింది, అంతే.

ఈ గిరగిరా తిరగడాన్నే నేను సుడి అంటున్నాను. సుడికి లెక్క కట్టినవాడు స్విట్జర్లాండులో పుట్టిన లియొనార్డ్ ఆయిలర్. 1750ల్లో నీటితో తిరిగే చక్రాల గురించి ఆయన లెక్కలు వేసినాడు. చక్రానికీ, దానిగుండా పోయే నీటికీ మధ్య ఎంత శక్తి చేతులు మారుతుంది? నీరు లోపలికి వచ్చేటప్పుడు ఎంత సుడి ఉంది, బయటికి పోయేటప్పుడు ఎంత సుడి ఉంది, ఆ తేడాను బట్టి అని తేల్చినాడు. గాలికీ ఇదే లెక్క. గాలి లోపలికి వచ్చేటప్పుడే చక్రం తిరిగే వైపు తిరుగుతూ ఉంటే చక్రం దానికి ఇచ్చేది తగ్గుతుంది. నిలబడినవాడిని తోస్తే తోపు తగులుతుంది. మనతోపాటు పరుగెత్తేవాడిని వెనకనుంచి తోస్తే ఏమి తగులుతుంది? ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం అవుతుంది.

ఆయిలర్ తర్వాత నూటయాభై ఏండ్లు త్వరగా దాటుకుంటాను. 1905 నవంబరులో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి ఒక పేటెంటు తీసుకున్నాడు. ఇంజను వదిలే వేడి పొగతో ఒక చక్రం తిప్పాలి, అదే ఇరుసు మీద ఉన్న ఇంకో చక్రంతో గాలిని ఒత్తి ఇంజనులోకి పంపాలి అన్నది ఆలోచన. కాగితం మీద బాగుంది. చేతికి వచ్చేదానికి ఇరవై ఏండ్లు పట్టింది. 1926లో జలప్రవేశం చేసిన రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో ఇంజను బలం 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఇంజను అదే, మింగే గాలి ఎక్కువ. లారీకి రావడం ఇంకా ఆలస్యం. 1938లో సౌరర్ అనే స్విస్ కంపెనీ లారీ ఇంజనుకు టర్బో పెట్టింది.

ఈ మధ్యలో నాకు అందరికంటే నచ్చిన మనిషి సాన్‌ఫర్డ్ మాస్. అమెరికావాడు. 16 ఏండ్లకే గాలి ఒత్తే యంత్రాలు చేసే వర్క్‌షాపులో పనికి కుదిరినాడు. అంటే నాకంటే ఒక్క ఏడాది పెద్ద. తర్వాత చదువుకొని 1903లో డాక్టరేటు తీసుకున్నాడు, రైటు సోదరులు ఎగిరిన ఏడాదే. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకు ఒక తంటా వచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలుచన అవుతుంది, ఇంజను నీరసపడుతుంది. ఫ్రాన్సులో ఆగస్త్ రాతో అనే ఆయన దీనికి టర్బో కట్టి చూసినాడు. అమెరికాలో ఆ పని మాస్ చేతికి వచ్చింది. పైగాలి పరిస్థితి నేల మీద ఎట్ల చూడాలి? కొండ ఎక్కాలి. 1918లో ఒక విమాన ఇంజనును లారీ మీద బిగించి, కొలరాడోలో 14,109 అడుగుల పైక్స్ పీక్ శిఖరానికి తీసుకుపోయినారు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను అక్కడ టర్బో లేకుండా 230 ఇచ్చింది. టర్బోతో 356 ఇచ్చింది. కింద ఇచ్చినదానికంటే కొండ మీదే ఆరు ఎక్కువ! ఈ అంకెలు చూసిన రోజు నేను భోజనం చేస్తా ఉన్న మా అమ్మకు చదివి వినిపించినాను. "సరే, ముందు నువ్వు తిను" అనింది.

ఇంతవరకు గెలుపుల కథ. ఇప్పుడు చిక్కు.

మా హోసూరు లారీలు తయారయ్యే ఊరు. అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ 1980 నుంచి ఇక్కడ ఉంది. దానివల్లే ఊరి చుట్టూ లారీ షెడ్లు, స్పేరు పార్టుల అంగళ్ళు. మా మేనమామకు టర్బోలు విప్పి బాగుచేసే చిన్న షెడ్డు ఉంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో అక్కడికి ఒక లారీ వచ్చింది. క్రిష్ణగిరి నుంచి వచ్చేటప్పుడు శూళగిరి ఎక్కుడులో లోడుతో ఉంటే ముందర ఏదో దగ్గినట్లు "ధభ్ ధభ్" అని చప్పుడు, బండి లాగదు. డ్రైవరే ఓనరు. అప్పటికే డీజిల్ పంపు విప్పించి చూపించినాడు, ఇంజెక్టర్లు మార్పించినాడు, బండి రెండు వారాలు నిలిపినాడు. నెల వాయిదా కట్టాలి అని ఆయన నాలుగైదుసార్లు చెప్పినాడు. మామ టర్బో విప్పి, గాలి వచ్చే వైపు హౌసింగ్ తీసి, తన దగ్గరున్న అదే మోడల్ పాతది పక్కన పెట్టినాడు. పాతదానిలో చక్రం కూర్చునే చోట గోడకు చుట్టూ సందు ఉంది. లారీలో ఉన్నదానికి లేదు, నున్నగా ఉంది. ఎక్కడో వేరే ఊర్లో చవకగా దొరికితే మార్చినారంట.

"యాల మామా, సందు లేకపోతే ఇంకా మంచిది కదా? గాలి వెనక్కి పోదు కదా?" అన్నాను.

"వెనక్కి పోయేదానికే రా అది. దారి లేకపోతే ఎక్కుడులో దానికి ఊపిరాడదు" అన్నాడు మామ.

ఈ వ్యాసం అక్కడ పుట్టింది. ఎక్కుడులో లారీ లోడుతో ఉంటుంది, ఇంజను నిదానంగా తిరుగుతా ఉంటుంది. నిదానంగా తిరిగే ఇంజను మింగే గాలి తక్కువ. కానీ లోడు వల్ల పొగ బలంగా వస్తుంది కాబట్టి టర్బో గట్టిగా ఒత్తుతూనే ఉంటుంది. గాలి తక్కువ పోతోంది, ఒత్తిడి మాత్రం ఎక్కువ. అప్పుడు చక్రం రెక్కల అంచుల దగ్గర, గోడ పక్కన, గాలికి పట్టు తప్పుతుంది. ముందుకు పోలేక వెనక్కి మళ్ళుతుంది. ఊరికే మళ్ళదు, చక్రంతోపాటు గిరగిరా తిరుగుతూ గోడను పట్టుకొని వస్తుంది. ఆ సుడి నోటికి అడ్డంగా ఉంగరం మాదిరి కూర్చుంటుంది. కొత్తగా వచ్చే గాలికి దారి ఇరుకవుతుంది, ఇంకొన్ని రెక్కలకు పట్టు తప్పుతుంది. ముదిరితే గొట్టంలో ఒత్తి పెట్టిన గాలి అంతా ఒక్కసారి వెనక్కి తన్నుతుంది. అదే ఆ ధభ్. మెకానిక్కులు సర్జింగ్ అంటారు. చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరిగే యంత్రంలో ఇట్ల తన్నులు పడితే బేరింగులు ఎన్నాళ్ళు ఉంటాయి?

రెక్కకు పట్టు తప్పడం అనే మాటను ఇంజనీర్లకు విడమరిచి చెప్పినవాడు ఇంగ్లండులోని గ్రిఫిత్. 1926లో రాసిన పత్రంలో, ఈ రెక్కలను విమానం రెక్కల మాదిరి చూడాలి, విమానం రెక్క మరీ ఎత్తితే గాలి పట్టు వదిలినట్లే ఇవీ వదులుతాయి అన్నాడు. 1955లో ఎమన్స్, ఆయన తోటివాళ్ళు ఇంకో సంగతి చూపించినారు. ఒక రెక్క సందున గాలి ఆగితే, రావాల్సిన గాలి పక్కకు జరిగి పక్క రెక్కను ఇబ్బంది పెడుతుంది, అది దాని పక్కదాన్ని. పట్టు తప్పిన చోటు చక్రం చుట్టూ తిరుగుతా పోతుంది. బస్టాండు గేటు దగ్గర ఒక బస్సు ఆగితే ఏమవుతుందో హోసూరు వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు.

విమానాల్లో ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. 1964 డిసెంబరులో మొదటిసారి ఎగిరిన అమెరికా యుద్ధవిమానం ఎఫ్-111లో ఇంజన్లు ఇట్లే పదే పదే పట్టు తప్పినాయి. గాలి లోపలికి వచ్చే నోటిని మళ్ళీ మళ్ళీ మార్చి కట్టాల్సి వచ్చింది. అన్నిచోట్లా మందు ఒకటే అనుకునేవారు: గోడను రెక్కకు ఇంకా దగ్గరికి తేవాలి, ఇంకా నున్నగా చేయాలి. లేదంటే ఒత్తిన గాలిని వాల్వు తెరిచి బయటికి వదిలేయాలి. రెండోది పిండి ఆడించి చల్లేసినట్లు.

అసలు మలుపు 1970లో వచ్చింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఒక ప్రయోగం చేసినారు. దాని నివేదిక మీద ఉన్న పేరు కాక్. వాళ్ళ ఆలోచన ఇది: గోడ పక్కన బద్ధకంగా కదిలే గాలి వల్లే కదా పట్టు తప్పుతోంది, ఆ గాలిని పీల్చి తీసేద్దాం, లేదా తాజా గాలి ఊది తరిమేద్దాం. పీల్చాలన్నా ఊదాలన్నా గోడకు రంధ్రాలు కావాలి. రెక్కల అంచులకు ఎదురుగా గోడను తేనెపట్టు మాదిరి గదులు గదులుగా చేసినారు. ఊది చూసినారు, పీల్చి చూసినారు. ఏమీ ఊదకుండా, ఏమీ పీల్చకుండా కూడా నడిపినారు. అప్పుడు కూడా చక్రం మామూలు గోడతో కంటే ఎక్కువసేపు తట్టుకుంది! మేలు చేసింది ఊదిన గాలి ఒక్కటే కాదు, ఊదేదానికి పెట్టిన రంధ్రాలు కూడా.

నా లెక్కలో ఈ చరిత్ర అంతటిలోకీ గొప్ప పని ఆ మూడో పరీక్ష. మా ల్యాబులో "ఏమీ కలపకుండా ఒక పరీక్షనాళిక పక్కన పెట్టుకోండి" అని టీచర్ చెబితే మేము విసుక్కుంటాం. వాళ్ళు విసుక్కొని దాన్ని వదిలేసి ఉంటే, ఊదడం వల్లే అంతా జరిగిందని రాసుకొని, పెద్ద పెద్ద గాలి పంపులు విమానాలకు కట్టుకొని ఉండేవాళ్ళు. చేయడం ఒక ఎత్తు. తమ అసలు ఆలోచన విలువ తగ్గించే ఫలితాన్ని దాచకుండా రాయడం ఇంకో ఎత్తు. బ్యూఖి పేరు, మాస్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఈ పరీక్ష కూడా వాటి పక్కన ఉండాలని నా అభిప్రాయం. పక్క బెంచీవాళ్ళు ఒప్పుకోలేదు, అనుకోకుండా దొరికినదానికి ఇంత పొగడ్త ఎందుకు అంటారు. వాళ్ళ వాదన వాళ్ళది.

అదే కాలంలో క్లీవ్‌ల్యాండులోని నాసా లూయిస్ కేంద్రంలో కూడా రంధ్రాల గోడలు పరీక్షించినారు. 1971 నాటికి గుండ్రటి రంధ్రాలు, చుట్టూ గాళ్ళు, ఏటవాలు చీలికలు, ఇట్ల రకరకాలు పెట్టి చూసినారు. ఏటవాలు చీలికలు బాగా తట్టుకుంటాయి కానీ శక్తి కొంత వృథా అవుతుంది. చుట్టూ గాళ్ళు వేస్తే తట్టుకునేది తక్కువ, వృథా కూడా తక్కువ. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు.

అవి గాలి నేరుగా ముందుకు పోయే విమాన ఇంజన్ల చక్రాలు. లారీ టర్బోలో గాలి ముందునుంచి వచ్చి పక్కలకు విసరబడుతుంది, కాబట్టి సందు రూపం మారింది. చక్రం నోటికి కొంచెం లోపల గోడను చుట్టూ కోస్తారు. ఆ కోత వెనక గోడలోనే ఉంగరం లాంటి ఖాళీ గది ఉంటుంది. గది ఇంకో కొస చక్రానికి ముందు, గాలి వచ్చే దారిలో తెరుచుకుంటుంది. అంటే గోడ లోపల ఒక దొంగదారి. 1988లో ఫిషర్ అనే ఇంజనీరు దీని గురించి అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘంలో ఒక పత్రం ఇచ్చినాడు. ఇంగ్లండు హడర్స్‌ఫీల్డులోని హోల్సెట్ కంపెనీ టర్బోల్లో దీన్నే మ్యాప్ విడ్త్ ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. ఇంత పొడుగు పేరుకు అర్థం, యంత్రం చక్కగా పని చేసే హద్దులను రెండువైపులా జరపడం.

రెండువైపులా అన్నది నాకు మొదట అర్థం కాలేదు. ఎక్కుడులో, గాలి తక్కువ పోయేటప్పుడు, కోత దగ్గర ఒత్తిడి నోటి దగ్గరికంటే ఎక్కువ. వెనక్కి మళ్ళిన సుడిగాలి నోటికి అడ్డం పడకుండా కోతలో దూరి, గదిగుండా ముందుకు పోయి, కొత్త గాలితో కలిసి మళ్ళీ చక్రంలోకి వస్తుంది. ఇంజను తక్కువ మింగినా చక్రం నోటికి మాత్రం నిండుగా గాలి అందుతుంది, రెక్కకు పట్టు తప్పదు. చదును రోడ్డు మీద ఇంజను పూర్తి వేగంతో తిరిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. చక్రం నోరు చాలక, కోత దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు అదే దారిలో గాలి ఎదురు దిశలో, బయటినుంచి నేరుగా చక్రం నడిమికి పోతుంది. వాల్వు లేదు, తలుపు లేదు, కదిలే ముక్క ఒక్కటీ లేదు. దారి ఒకటే, అవసరాన్ని బట్టి గాలే దిశ మార్చుకుంటుంది.

మామ సందు ఉన్న హౌసింగ్ ఆ లారీకి బిగించినాడు. డ్రైవరు నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి, ఎక్కుడులో చప్పుడు లేదు అన్నాడు. పంపు విప్పినందుకు ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాదు కదా.

ఇంక సుడి సంగతి మిగిలింది. గదిలోకి పోయిన గాలి చక్రం తిరిగే వైపే తిరుగుతూ పోతుంది. ఆ సుడితోనే మళ్ళీ నోట్లోకి వస్తే, ఆయిలర్ చెప్పినట్లు, చక్రం ఇచ్చే ఒత్తిడి తగ్గుతుంది. అయితే అదే సుడి రెక్కకు గాలి తగిలే కోణాన్ని మెత్తబరుస్తుంది, పట్టు తప్పకుండా కాపాడుతుంది. ఉంచాలా, తీసేయాలా? లోపలి ఉంగరాన్ని బయటి గోడకు కలిపి పట్టుకునేదానికి గదిలో ఎట్లాగూ కొన్ని పక్కటెముకలు కావాలి. వాటిని తిన్నగా నిలిపితే సుడి చాలావరకు ఆగిపోతుంది. ఏటవాలుగా పెట్టి సుడిని ఎదురువైపు తిప్పితే ఒత్తిడి పెరుగుతుంది, కాపాడే గుణం తగ్గుతుంది. ఇంకో తంటా, రెక్కల కీచుమనే మోత ఆ దొంగదారిలో ముందుకు వచ్చేస్తుంది. దాన్ని ఆపేదానికి నోట్లో అదనంగా ఒక అడ్డు ఉంగరం పెట్టేవాళ్ళు ఉన్నారు. మామ షెడ్డులో బల్ల కింద ఉన్న మూడు పాత హౌసింగుల్లో రెండింటికి పక్కటెముకలు తిన్నగా ఉన్నాయి, ఒకదానికి ఏటవాలుగా ఉన్నాయి. మూడూ వేరే వేరే ఇంజన్లవి.